సందు మొగన నడిచేవారి దారి

తెలుగులో 'మొగ' అని ఒక చిన్న మాట ఉంది. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోటును కోనసీమలో మొగ అంటారు. పెద్ద వీధిలోంచి సందు చీలే చోటును కూడా మనం సందు మొగ అంటాం. "సందు మొగన కిరాణా కొట్టుంది చూడు, అక్కడ తిరుగు" అని దారి చెప్పడం మీ ఇళ్లలో వినే ఉంటారు. నది మొగ దగ్గర నీళ్లు ఎటు లాగుతాయో బెస్తవాళ్లకు తెలుసు. సందు మొగ దగ్గర బండ్లు ఎటు లాగుతాయో రోజూ బడికి నడిచి వచ్చే మనకు తెలియదు. ఈసారి పాఠం దాని గురించే.

నాలుగు రోడ్ల కూడలిలో సిగ్నల్ ఉంటుంది, పోలీసు ఉంటాడు, జీబ్రా చారలు ఉంటాయి. సందు మొగన ఇవేమీ ఉండవు. కానీ ఇంటినుంచి బడికి నడిచే పిల్లలు దాటే పెద్ద కూడళ్లు ఒకటో రెండో అయితే, సందు మొగలు ఐదో పదో ఉంటాయి. "రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త" అని పెద్దలు చెప్పినప్పుడు పిల్లలకు గుర్తొచ్చేది కూడలే. సందును దాటడం రోడ్డు దాటడం అని ఎవరికీ అనిపించదు. ఫుట్‌పాత్ మీద నడుస్తూనే ఉన్నాం కదా అనుకుంటాం.

ఇంతకుముందు నేను పనిచేసిన ఒక ఊళ్లో ఆరో తరగతి అమ్మాయి ఒకతె రోజూ నడిచి వచ్చేది. బడికి ఆనుకునే ఒక సందు ఉంది. ఒక సాయంత్రం ఆ సందు మొగన ఫుట్‌పాత్ చివర ఆగి నిలబడింది. పెద్ద రోడ్డు మీంచి సరుకుల వ్యాను ఒకటి ఎడమకు తిరుగుతోంది. దాన్ని పోనిద్దామని ఆగింది. వ్యాను ముందు చక్రం ఆమెకు దూరంగానే వెళ్లింది. వెనక చక్రం మాత్రం మూల మీదికి ఎక్కి ఆమె పాదం మీదుగా పోయింది. పాదంలో రెండు ఎముకలు విరిగాయి. రెండు నెలలు బడికి రాలేదు.

మర్నాడు ప్రార్థన సమావేశంలో రోడ్డు భద్రత గురించి పది నిమిషాలు మాట్లాడింది నేనే. ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాలనీ, ఇటూ అటూ చూడాలనీ, పరుగెత్తకూడదనీ చెప్పాను. ఆ ప్రసంగం సంగతి తోటి పిల్లలు ఆమెకు చెప్పినట్టున్నారు. తిరిగి వచ్చిన మొదటి రోజు తెలుగు పీరియడ్ అయ్యాక నా దగ్గరికి వచ్చి, "మేడమ్, నేను ఆగే ఉన్నాను కదండీ. ఇంక ఎక్కడ నిలబడాలి?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. మా లెక్కల మాస్టారినీ, భౌతికశాస్త్రం చెప్పే మేడమ్‌నూ కలుపుకుని, పిల్లలతో ఆ మొగను కొలిచిన తర్వాతే కొంత అర్థమైంది.

ముందు ఆ వెనక చక్రం సంగతి. బండికి ముందు చక్రాలే తిరుగుతాయి, వెనక చక్రాలు తిరగవు. అందుకని మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల జాడలోనే రావు. మూలకు దగ్గరగా, లోపలికి కోసుకుంటూ వస్తాయి. బండి ఎంత పొడవైతే అంత లోపలికి వస్తాయి. బస్సు తిరుగుతున్నప్పుడు ముందు చక్రం మీనుంచి గజం దూరంలో వెళ్లిందని ధైర్యపడకూడదు. ఆ అమ్మాయి ప్రశ్నకు తక్షణ జవాబు ఇదే: పెద్ద బండి తిరుగుతుంటే మూల అంచు నుంచి రెండు పెద్ద అంగలు వెనక్కి వేసి నిలబడాలి. కానీ ఇది సగం జవాబే. అసలు ఫుట్‌పాత్ మీదికి చక్రం ఎలా ఎక్కింది? మేం వెళ్లి చూస్తే మూల రాయి ఎప్పుడో విరిగిపోయి ఉంది. ఫుట్‌పాత్ చివరి భాగం అరిగి, కుంగి, రోడ్డుకు సమానమైపోయింది. అది తన చోటు కాదని డ్రైవరుకు చెప్పే గుర్తు ఏదీ అక్కడ మిగల్లేదు.

ఇక డ్రైవర్ల కళ్లు ఎటు చూస్తుంటాయో గమనించండి. మన దేశంలో ఎడమవైపు నడిపే పద్ధతి. సందులోంచి బయటికి వచ్చి పెద్ద రోడ్డు ఎక్కే డ్రైవరుకు భయం కుడివైపునుంచే, ఎందుకంటే తన దగ్గరి వరుసలో బండ్లు అటునుంచే వస్తాయి. అందుకని మెడ కుడికి తిప్పి, ఖాళీ దొరగ్గానే ముందుకు దూకిస్తాడు. అదే క్షణంలో అతని ఎడమవైపునుంచి, అంటే బండ్లకు ఎదురుగా నడుస్తూ వచ్చే మనిషి అతనికి కనిపించనే కనిపించడు. బండ్లతోపాటు ఒకే దిశలో నడిచేవారికి ఈ ప్రమాదం తక్కువ, కానీ ఇంకొకటి ఉంది. పెద్ద రోడ్డు మీంచి ఎడమకు తిరిగే బండి వాళ్ల వెనకనుంచి, కుడి భుజం పక్కగా వస్తుంది. ఇక అవతలి వరుసలోంచి కుడికి తిరిగి సందులోకి వచ్చే బండి ఉంది. ఎదురొచ్చే బండ్ల మధ్య సందు కోసం కాచుకుని కాచుకుని, దొరగ్గానే ఒక్కసారిగా లాగిస్తాడు. అతని చూపంతా ఎదురొచ్చే బండ్ల మీదే ఉంటుంది, మొగన నడిచేవారి మీద ఉండదు.

కాబట్టి ఎటునుంచి నడిచినా ఏదో ఒక బండికి మనం కనపడం. దీనికి డ్రైవర్లందరూ దుర్మార్గులు కానక్కర్లేదు. మొగ ఆకారమే వాళ్ల చూపును మననుంచి తప్పిస్తోంది. అందుకే మన జాగ్రత్తతో పాటు ఆ ఆకారాన్ని కూడా సరిచేయాలి.

ఆకారంలో మొదటిది మూల గుండ్రం. సందు మొగన ఫుట్‌పాత్ మూల నిటారుగా ఉండదు, వంపు తిరిగి ఉంటుంది. కొన్నిచోట్ల ఆ వంపు చిన్నది. కొన్నిచోట్ల సన్నాయి మూతిలా బాగా విప్పారి ఉంటుంది. బండ్లు సాఫీగా తిరగాలని అలా విప్పుతారు. సాఫీగా అంటే వేగంగా అన్నమాట. మలుపులో పక్కకు తోసే బలం ఇబ్బంది పెట్టనంతవరకే ఎవరైనా నడుపుతారు. ఆ పక్కబలాన్ని గురుత్వంలో పదింట మూడు వంతులుగా అనుకుని లెక్క వేయండి. వేగం వర్గం అనేది 0.3 ను గురుత్వ త్వరణంతోనూ, బండి తిరిగే వ్యాసార్ధంతోనూ గుణించిన దానికి సమానం. వ్యాసార్ధం 3 మీటర్లయితే వేగం గంటకు దాదాపు 11 కిలోమీటర్లు వస్తుంది. 12 మీటర్లయితే 21 కిలోమీటర్లు. వ్యాసార్ధం నాలుగు రెట్లు చేస్తే వేగం రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే ఢీకొనే శక్తి నాలుగింతలవుతుందని పై తరగతులవాళ్లు చదువుకునే ఉంటారు. (ఇక్కడ వ్యాసార్ధం అంటే బండి నడిచే గీతది, మూల రాయిది కాదు. బండి గీత ఎప్పుడూ మూల వంపుకన్నా కొంచెం వెడల్పుగానే ఉంటుంది. మా లెక్కల మాస్టారు ఈ వాక్యం రాయకపోతే ఊరుకోనన్నారు.)

వేగం ఒక్కటే కాదు, మనం దాటే దూరం కూడా పెరుగుతుంది. ఇది గ్రాఫు కాగితం మీద వృత్తలేఖినితో మీరే గీసి చూడొచ్చు. సందు వెడల్పు 6 మీటర్లు అనుకోండి. ఫుట్‌పాత్ వెడల్పు 2 మీటర్లు, మీరు దాని మధ్యలో, అంటే అంచుకు ఒక మీటరు లోపల తిన్నగా నడుస్తున్నారు. రెండు మూలల వంపూ 3 మీటర్ల వ్యాసార్ధమైతే మీరు ఫుట్‌పాత్ దిగి మళ్లీ ఎక్కేవరకు ఉండే దూరం సుమారు 7.5 మీటర్లు. వంపు 9 మీటర్లు చేయండి. సందు వెడల్పు అంతే, మీరు నడిచే గీతా అదే. కానీ దూరం 15.8 మీటర్లకు పెరుగుతుంది. సెకనుకు ఒక మీటరు చొప్పున నడిచే అమ్మమ్మ మొదటి మొగను ఎనిమిది సెకన్లలోపు దాటుతుంది. రెండో దాంట్లో పదహారు సెకన్లు బండ్ల మధ్యే ఉండాలి. ఆరో తరగతి పిల్లలకు ఈ బొమ్మ నల్లబల్ల మీద గీసి చూపించినప్పుడు ఒకడు, "అయితే రోడ్డు వెడల్పు చేయకుండానే వెడల్పు చేశారన్నమాట" అన్నాడు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

మూలను బిగిస్తే చెత్త లారీ, అగ్నిమాపక యంత్రం ఎలా తిరుగుతాయని పెద్దలు అడుగుతారు. సరైన ప్రశ్నే. దానికి ఒక ఉపాయం ఉంది. వంపు లోపలి భాగాన్ని కొద్దిగా ఎత్తు చేసి గరుకు రాళ్లు పరుస్తారు. పెద్ద బండి అవసరమైతే దాని మీదుగా మెల్లగా పోగలదు. కారు, ఆటో ఆ గరుకు తగలకుండా చిన్న వంపులోనే తిరుగుతాయి. నడిచేవారు నిలబడే చోటు మాత్రం ఆ గరుకు రాళ్లకు లోపలే ఉండాలి. అక్కడ రాతి గుంజలు పాతితే వెనక చక్రం లోపలికి రాలేదు. గుంజల మధ్య ఎడం చక్రాల కుర్చీ పట్టేంత ఉండాలి, కారు పట్టేంత ఉండకూడదు.

రెండోది ఎత్తు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. మన ఊళ్లలో ఫుట్‌పాత్ మీద నడవడం అంటే మెట్లు ఎక్కి దిగడం. ప్రతి సందు దగ్గరా దిగాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, పసిపిల్లను ఎత్తుకున్న తల్లి, సామాను బండి తోసుకునేవాళ్లు ఈ ఎక్కుదిగుళ్లు పడలేక రోడ్డు మీదే నడుస్తారు. "ఫుట్‌పాత్ ఉండగా రోడ్డు మీద నడుస్తారేం" అని వాళ్లను విసుక్కుంటాం. భారత రహదారుల కాంగ్రెస్ పాదచారుల కోసం ప్రత్యేకంగా ప్రచురించిన మార్గదర్శకాలు ఉన్నాయి. వాటి సంఖ్య ఐఆర్‌సీ 103. ఫుట్‌పాత్ అంచు రాయి 150 మిల్లీమీటర్లకు మించకూడదనీ, నడవడానికి అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలనీ 2012 నాటి ప్రతిలోనే ఉంది. స్కేలు పట్టుకుని మీ వీధిలో కొలిచి చూడండి.

సందు మొగన దిగాల్సింది మనిషా, ఎక్కాల్సింది బండా? నెదర్లాండ్స్‌లో చిన్న వీధి పెద్ద వీధిని కలిసే చాలాచోట్ల ఫుట్‌పాత్ అదే ఎత్తులో, అవే పలకలతో, ఏమీ జరగనట్టే మొగను దాటి అవతలికి సాగిపోతుంది. ఏటవాలు రాళ్ల మీదుగా ఎక్కి, ఫుట్‌పాత్ దాటి, అటు దిగాల్సింది కారే. తాను మనుషుల దారిలోకి వచ్చానని డ్రైవరుకు బోర్డు చదవకుండానే తెలుస్తుంది. అలాంటి మొగ దాటి వచ్చే బండి అందరికీ దారి ఇవ్వాలని అక్కడి చట్టం కూడా చెబుతుంది. మన ఐఆర్‌సీ 103లోనూ ఎత్తు చేసిన దాటుబాట ఉంది. ఇంజనీర్లు దాన్ని 'టేబుల్ టాప్' అంటారు. అది స్పీడ్ బ్రేకర్ లాంటిది కాదు. స్పీడ్ బ్రేకర్ బండి కోసం వేసిన దిబ్బ. ఇది పైన చదునుగా ఉండి, మనిషి నడిచేంత వెడల్పున్న అరుగు.

ఇది చెప్పినంత తేలిక కాదు. మొదటి చిక్కు వాన నీళ్లు. పెద్ద రోడ్డు పక్కన పారే నీళ్లకు ఈ అరుగు గట్టులా అడ్డుపడుతుంది. అడుగున గొట్టమో, జాలీ మూతతో కాలువో వేయకపోతే మొదటి వానకే మొగన చెరువు తయారవుతుంది. నెల తిరక్కుండా ఎవరో గడ్డపారతో అరుగు పగలగొడతారు. ఇలా పగిలిన అరుగులు రెండు ఊళ్లలో చూశాను. రెండో చిక్కు చూపు లేనివారిది. చేతికర్రతో నడిచేవారికి ఫుట్‌పాత్ దిగడమే 'ఇక్కడ రోడ్డు మొదలైంది' అనే గుర్తు. అంతా సమానమైపోతే వాళ్లకు ఆ గుర్తు పోతుంది. అందుకని అరుగు మొదట్లోనూ చివరా బొడిపెల పలకలు పరచాలి. గీతల పలక అంటే 'ఇటు నడువు' అని, బొడిపెల పలక అంటే 'ఆగి చూసుకో' అని అర్థం. పసుపుపచ్చగా అందంగా ఉన్నాయని ఈ పలకలను ఎలాబడితే అలా పరుస్తుంటారు. గీతల వెంట నడిచి వెళ్తే తిన్నగా కరెంటు స్తంభానికి తగిలే ఫుట్‌పాత్ ఒకటి నేను ఇప్పుడుంటున్న వీధిలోనే ఉంది.

మూడోది చూపు. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎనిమిదేళ్ల పిల్లలు ఎంత ఎత్తుంటారో మీకు తెలుసు, మూలన ఆపిన కారు ఎంత ఎత్తుంటుందో కూడా తెలుసు. కారుకు ఆటో, ఆటోకు ఫ్లెక్సీ, ఫ్లెక్సీకి ట్రాన్స్‌ఫార్మర్ తోడైతే బండి, బిడ్డ ఒకరికొకరు కనిపించేది ఆఖరి క్షణంలోనే. సాయంత్రం బడి విడిచే వేళ పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే తల్లిదండ్రుల బండ్లే మొగకు ఇరుపక్కలా నిలబడతాయన్నది కూడా చెప్పుకోవాలి. మా ఊళ్లో కొలతలు తీసిన రోజున మూల మీద ఆపి ఉన్న స్కూటర్లలో ఒకటి నాదే.

మరి చట్టం ఏమంటుంది? 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం సిగ్నల్ లేని దాటుబాట దగ్గర డ్రైవరు వేగం తగ్గించి, ఆగి, నడిచేవారికి దారి ఇవ్వాలి. బ్రిటన్‌లో 2022 జనవరిలో ఇంకో అడుగు ముందుకు వేశారు. పక్క వీధిలోకి తిరిగే బండి ఆ వీధిని దాటుతున్నవారికే కాదు, దాటడానికి నిలబడి ఉన్నవారికి కూడా దారి ఇవ్వాలని అక్కడి రహదారి నియమావళిలో చేర్చారు. ఆగి నిలబడిన మా ఆరో తరగతి అమ్మాయి లాంటివాళ్ల కోసమే అన్నమాట. మన దేశంలో 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ అనే సెక్షన్ వచ్చింది. రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం కలిగినా బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. నడిచేవాడిదో, నడిపేవాడిదో తప్పు అని కాక రోడ్డు వేసినవాడి తప్పు కూడా ఉండొచ్చని చట్టం ఒప్పుకుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన రోడ్ల మీద చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారు.

ఇక మేం చేసిన పని. ఒక ఆదివారం తెల్లవారుజామున, బండ్లు లేని వేళ, ఇద్దరు ఉపాధ్యాయులం, నలుగురు పెద్ద తరగతుల పిల్లలం ఆ మొగకు వెళ్లాం. మూల నుంచి రోడ్డు మీదికి పల్చగా ముగ్గు పిండి చల్లి వచ్చి, ఫుట్‌పాత్ లోపలికి జరిగి కూర్చున్నాం. రెండు గంటల తర్వాత చూస్తే చక్రాల జాడలు స్పష్టంగా పడ్డాయి. విరిగిన మూల మీద ఆరు జాడలు ఉన్నాయి. మొగ మధ్యలో ఒక పెద్ద ముక్కోణం మాత్రం ముగ్గు చెదరకుండా తెల్లగా మిగిలింది. అంటే ఏ బండికీ అవసరం లేని చోటు అంత ఉంది. దాన్ని నడిచేవారికి ఇచ్చేస్తే ఎవరికీ నష్టం లేదు. పిల్లలు ఆ ముక్కోణం కొలతలు వేసి, బొమ్మ గీసి, పురపాలక కార్యాలయానికి ఉత్తరం రాశారు. ఉత్తరం తెలుగులో రాయించి, ఆ ఊరి భాషలోకి వాళ్ల చేతే మార్పించాను. ఆ రెండు వారాల్లో వాళ్లు నేర్చుకున్న వ్యాసరచన నేను ఏడాదంతా నేర్పినదానికన్నా ఎక్కువ.

మూడు నెలలకు ఒక ఇంజనీరు వచ్చి చూశారు. అరుగు కడితే కాలువ మార్చాలి, ఈ ఏడాది నిధుల్లేవు అన్నారు. మూలకు కొత్త రాయి, మూడు రాతి గుంజలు మాత్రం పెట్టించారు. జీబ్రా చారలు కూడా వేశారు. ఒక వానాకాలానికే అవి మాసిపోయాయి. గుంజలు నిలిచాయి. నాకు బదిలీ ఉత్తర్వు వచ్చేసరికి నడిమి గుంజ మీద వ్యాను రాసుకుపోయిన నీలం రంగు గీత ఒకటి పడి ఉంది. ఏడో తరగతికి వచ్చిన ఆ అమ్మాయి నన్ను తీసుకెళ్లి చూపించింది. సరిగ్గా తాను ఆ రోజు నిలబడిన చోటుకు జానెడు ఇవతల ఉంది ఆ గీత.

ఈ ఏడాది నేను వచ్చిన ఊళ్లో బడి పక్క సందు మొగ, నడిచే గీత వెంట కొలిస్తే 14 మీటర్లుంది. ఎనిమిదో తరగతివాళ్లు వచ్చే ఆదివారం ముగ్గు పిండి తెస్తామన్నారు.